సొట్ట తీసే చెయ్యి

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా షెడ్ల వైపు వెళితే ముందు భాగం నుజ్జయిన కారు ఒకటి, దాని మీద వంగి సుత్తి ఆడిస్తున్న మనిషి ఒకడు కనిపిస్తారు. మన దగ్గర దీన్ని టింకరింగ్ అంటారు. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ల చూపు ముందు పెయింట్ గన్ మీదికే పోతుంది. నన్నడిగితే ఏడాది దాకా దాని జోలికి పోవద్దు.

ముందు రేకు తెలియాలి. సొట్టకి లోపలి నుంచి డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. గట్టిగా బాదితే రేకు సాగిపోతుంది, నొక్కితే నూనె డబ్బాలా టకటకమంటుంది. సాపు అయిందో లేదో కంటికన్నా అరచేతికే ముందు తెలుస్తుంది. చెయ్యి రానివాడు దళసరిగా పుట్టీ పూసి కప్పేస్తాడు. అది ఎండకీ కుదుపులకీ పగులుతుంది.

కొల్లేరు వైపు ఇంకో బెడద ఉంది. కైకలూరు, ఆకివీడు నుంచి చేపలు మోసే బళ్లలో ఐసు నీళ్లు కారుతూనే ఉంటాయి. రేకు మడతల్లో తుప్పు లోపలి నుంచి తింటుంది. పైన పొక్కు కనబడేసరికి లోపల చిల్లే. దాని మీద పుట్టీ పెట్టడం మోసం. ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. గాలిలో తేమా తక్కువేం కాదు. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలకపోతే రంగు బొబ్బలెక్కుతుంది.

కొత్త కార్ల సంగతి వేరు. తలుపుల మధ్య పిల్లర్లకి చాలా మోడళ్లలో హై స్ట్రెంత్ స్టీలు వాడుతున్నారు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సరిచేస్తే దాని బలం పోతుంది. మళ్లీ గుద్దుకుంటే లోపలి మనిషిని కాపాడాల్సింది అదే కదా! ఇది షెడ్డులో చూసి వచ్చే విద్య కాదు. ఐటీఐ చదువులో మెకానిక్ ఆటో బాడీ రిపేర్ అనే ఏడాది కోర్సుంది. ఆపైన 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ వర్క్‌షాపులో నేర్చుకోవచ్చు.

బీమా లెక్క కూడా తెలియాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి 50 శాతం తరుగు కోస్తారు. బంపర్ పగిలిన ఆసామికి ఆ మాట ముందే చెప్పకపోతే బిల్లు రోజున గొడవ మీతోనే.

ఇక గన్. హార్డెనర్ కలిపి కొట్టే రంగుల్లో ఐసోసయనేట్లుంటాయి, పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. ముక్కుకి కట్టిన రుమాలు వాటిని ఆపదు. గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు ఇవ్వని షెడ్డులో, మేస్త్రి ఎంత చెప్పినా, గన్ పట్టొద్దు.