చిప్పులకూ తప్పొప్పుల పట్టిక

పుస్తకం అచ్చయిన తరువాత ముద్రారాక్షసాలు బయటపడితే, ప్రచురణకర్తలు చివర తప్పొప్పుల పట్టిక ఒకటి చేర్చడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఎలక్ట్రానిక్ చిప్పులకు సైతం ఇటువంటి పట్టికలు ఉంటాయన్న సంగతి మాత్రం, ఆ చిప్పులతో పనిచేసేవారిలో కూడ అందరికీ తెలియదు. దానిని ‘ఎర్రాటా’ అంటారు. పుస్తకాల తప్పొప్పుల పట్టికకు ఇంగ్లీషువారు వాడే మాటే అది. పుస్తకంలోని అచ్చుతప్పును పాఠకుడు సందర్భాన్ని బట్టి సరిదిద్దుకొని చదువుకోగలడు. చిప్పులోని తప్పు దానంతట అది సర్దుకోదు. అది యంత్రాన్ని నడుపుతుంది, లేదా నడపవలసిన చోట ఆపుతుంది.

మైక్రోకంట్రోలరు అనగా ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. బట్టలుతికే యంత్రంలో, విద్యుత్ మీటరులో, మోటారు స్టార్టరులో, విద్యార్థులు చేసే ప్రాజెక్టులలో ఉండేది ఇదే. దానిలో మనం వ్రాసే ప్రోగ్రాములో పొరపాటు ఉంటే తిరిగి వ్రాసి ఎక్కించవచ్చు. సిలికాను మీద చెక్కిన వలయంలోనే పొరపాటు ఉంటే, అమ్ముడుపోయిన చిప్పును బాగుచేసే మార్గం లేదు. తయారీకి వాడే మాస్కులను మార్చి కొత్త చిప్పులు పోతపోయాలి. అది మిక్కిలి ఖర్చుతోనూ నెలల జాప్యంతోనూ కూడిన పని. 1994లో ఇంటెల్ సంస్థ పెంటియం ప్రాసెసరు భాగహారాలలో తప్పు చేస్తున్నదని బయటపడినపుడు, అడిగినవారందరికీ కొత్త చిప్పు ఇస్తామని ప్రకటించి 47.5 కోట్ల డాలర్ల భారం మోయవలసి వచ్చింది. కొద్ది రూపాయల మైక్రోకంట్రోలరుకు అంతటి మర్యాద ఎవరు చేస్తారు? అందుచేత తయారీదారులు తప్పును పట్టికలో వ్రాసి, తప్పించుకొనే ఉపాయం పక్కన పెట్టి, ఆ చిప్పులనే అమ్ముతూ ఉంటారు. ఇది మోసం కాదు. పట్టిక ప్రకటించేవారే నిజాయితీపరులని నా అభిప్రాయం. అయితే ఆ పట్టికను చదవవలసిన బాధ్యత మాత్రం మనమీద పడుతుంది.

ఒక ఉదాహరణను కొంచెం నిదానంగా చూద్దాం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన రాస్‌బెరీ పై సంస్థ 2024 ఆగస్టులో ‘పికో 2’ అనే చిన్న బోర్డును విడుదల చేసింది. దానిలోని చిప్పు పేరు ఆర్‌పీ2350. చవక, వేగం, మంచి పుస్తకాలు, అన్నీ ఉన్నవి. అయితే విడుదలైన కొద్ది వారాలకే దాని ఇన్‌పుట్ పిన్నులలో ఒక దోషం ఉన్నదని వెల్లడి అయింది. తప్పొప్పుల పట్టికలో దాని సంఖ్య ఈ9.

దోషం తెలియాలంటే ముందు పిన్ను సంగతి తెలియాలి. చిప్పు పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటే దానిని 1 గాను, సున్న వోల్టు ఉంటే 0 గాను చదువుతుంది. ఈ చిప్పుకు 0.8 వోల్టుకు లోబడినది 0, 2 వోల్టులకు మించినది 1. మధ్యలో ఉన్నదానికి భరోసా లేదు. పిన్నుకు ఏదీ తగలకుండా గాలిలో ఉంటే ఎటూ కాకుండా ఊగిసలాడుతుంది గనుక, దానిని సున్నవైపు లాగిపట్టేందుకు చిప్పు లోపలనే ఒక రెసిస్టరు ఉంటుంది. దానిని ‘పుల్‌డౌన్’ అంటారు. ప్రోగ్రాములో ఒక్క మాట వ్రాస్తే అది పనిలోకి వస్తుంది. బయట వేరే రెసిస్టరు కొని అతికించే పని లేదు.

ఆర్‌పీ2350 తొలి చిప్పులలో ఈ ఏర్పాటే బెడిసింది. ఇన్‌పుట్‌గా పనిచేస్తున్న పిన్ను వోల్టేజి 0కూ 1కీ మధ్య నున్న సందిగ్ధ ప్రాంతంలోకి వచ్చినపుడు, చిప్పు లోపలినుండి సుమారు 120 మైక్రో ఆంపియర్ల వరకు కరెంటు పిన్నులోకి కారుతుంది. లోపలి పుల్‌డౌన్ రెసిస్టరు బలహీనమైనది, అంత కరెంటును భూమికి దించలేదు. ఫలితంగా పిన్ను సుమారు 2.2 వోల్టుల వద్ద నిలిచిపోతుంది. అది 2కు మించినది కదా, చిప్పు దానిని 1 గానే చదువుతుంది.

దీని వల్ల ఏమవుతుందో చూడండి. ఇంటి సంపులో నీరున్నదో లేదో తెలుసుకొనేందుకు ఒక ఫ్లోట్ స్విచ్చి పెట్టామనుకుందాం. నీరున్నంతసేపు స్విచ్చి మూసుకొని పిన్నుకు 3.3 వోల్టులు అందిస్తుంది. నీరు అడుగంటితే స్విచ్చి తెరచుకొంటుంది, పుల్‌డౌన్ పిన్నును సున్నకు లాగుతుంది, ప్రోగ్రాము మోటారును ఆపుతుంది. అనుకున్నది ఇది. జరిగేది వేరు. స్విచ్చి తెరచుకొన్నా పిన్ను 2.2 వోల్టుల వద్ద వ్రేలాడుతూ ఉంటుంది. నీరున్నదనే చిప్పు నమ్మకం. మోటారు ఖాళీగా తిరిగి తిరిగి వేడెక్కుతుంది, సీలు పోతుంది, చివరకు వైండింగు కాలుతుంది. ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. ఖాళీ సంపుతో మొదలుపెట్టి పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనబడుతుంది. పిన్ను సున్న దగ్గర ఉన్నంతకాలం పుల్‌డౌన్ దానిని అక్కడే నిలుపగలదు. ఒకసారి పైకి పోయి దిగవలసి వచ్చినపుడే చిక్కు. ‘ప్రోగ్రాము సరిగానే ఉన్నదే’ అని రాత్రంతా తల పట్టుకొని కూర్చొనేవాడికి, తప్పు ప్రోగ్రాములో లేదన్న ఆలోచన సులభంగా రాదు.

విరుగుడులు మూడు. బయటినుండి 8.2 కిలో ఓములు, లేదా అంతకు తక్కువ విలువగల రెసిస్టరును పిన్నుకూ గ్రౌండుకూ మధ్య అతికించడం ఒకటి. చేతికందిన 10 కిలో ఓములది వేసి ఊరుకోవడం చాలామంది అలవాటు. ఇక్కడ అది చాలదు. స్విచ్చి మూసుకొని ఉన్నంతసేపు ఈ రెసిస్టరు గుండా 0.4 మిల్లీ ఆంపియరు పోతుంది. గోడ కరెంటుతో నడిచేదానికి అది లెక్కలోనిది కాదు, బ్యాటరీతో నడిచేదానికి మాత్రం లెక్క చూసుకోవాలి. రెండవది ప్రోగ్రాముతోనే చేయదగినది. చదివే క్షణంలో మాత్రమే పిన్ను ఇన్‌పుట్‌ను తెరచి, చదివిన వెంటనే మూసివేయడం. మూసి ఉన్నపుడు ఆ కారుడు ఉండదు, లోపలి రెసిస్టరు తన పని తాను చేసుకొంటుంది. అయితే ఈ చిప్పులో పీఐఓ అనే ప్రత్యేక భాగమొకటి పిన్నులను సొంతంగా అతివేగంగా చదువుతుంది. ఇన్‌పుట్‌ను తెరచి మూసే అధికారం దానికి లేదు గనుక అక్కడ ఈ ఉపాయం సాగదు.

మూడవది నాకు మిక్కిలి నచ్చినది. లెక్కను తిరగవేయడమే. స్విచ్చిని 3.3 వోల్టులకు కాక గ్రౌండుకు కలిపి, పుల్‌డౌనుకు బదులు పుల్‌అప్ వాడాలి. అపుడు 0 అంటే నీరున్నట్లు, 1 అంటే లేనట్లు. కారే కరెంటు పైకే తోస్తుంది కనుక పుల్‌అప్‌కు అది అడ్డు కాదు. సంపు దగ్గర తీగ తెగినా, ఎలుక కొరికినా పిన్ను 1 గానే చదవబడుతుంది, మోటారు ఆగుతుంది. రూపాయి ఖర్చు లేదు. దోషం లేని చిప్పుతో కూడ ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది.

మరొక మాట చెప్పాలి. ఈ దోషాన్ని సంస్థవారు మొదట ప్రకటించినపుడు లోపలి పుల్‌డౌనుకు సంబంధించినదిగా మాత్రమే వర్ణించారు. పిదప అది పిన్నులోనుండి కరెంటు కారడమని తేలి, వివరణను విస్తరించారు. మొదటి పట్టికను దాచుకొని దానినే నమ్ముకున్నవారికి సగమే తెలిసినట్లు. 2025 జూలైలో ఏ4 అనే సవరించిన చిప్పును ప్రకటించారు. అందులో ఈ దోషం లేదు. దుకాణాలలోని పాత నిల్వలు, ఇదివరకే కొన్న బోర్డులు ఏ2 చిప్పుతో ఉండవచ్చు. చిప్పు తన సవరణ సంఖ్యను లోపలనే దాచుకొని ఉంటుంది. ప్రోగ్రాము దానిని చదివి తెలుసుకోవచ్చు.

ఈ చిప్పు ఒక్కటే ఇట్లా ఉన్నదని పాఠకులు అనుకోరాదు. చైనాలోని షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ చేసే ఈఎస్‌పీ32 చిప్పు, వైఫై ఉన్న చవక పరికరాలలో విరివిగా కనబడుతుంది. దాని 36, 39 సంఖ్యల పిన్నులు, అనలాగ్ కొలత భాగానికి కరెంటు ఇచ్చిన క్షణంలో సుమారు 80 నానో సెకండ్లపాటు సున్నకు జారుతాయి. రెప్పపాటులో పది లక్షల భాగాలలో ఒకటి కూడ కాదు. అయినా అంతలోనే చిప్పుకు ‘పిన్ను మారింది’ అన్న కబురు అందుతుంది. నీటి ప్రవాహ మీటరు తీగను ఆ పిన్నుకు కలిపి స్పందనలు లెక్కించేవారికి, పారని నీటికి కూడ లెక్క పెరుగుతుంది. ఆ రెండు పిన్నులను లెక్కింపు పనులకు వాడక వేరొకదానికి తీగ మార్చుకోవడమే సుఖం.

ఎస్‌టీ సంస్థ ఎస్‌టీఎమ్32ఎఫ్103 చిప్పుది మరొక తీరు. అందులో ఐ2సీ అనే రెండు తీగల సమాచార మార్గం, మొదలుపెట్టగానే దారి ఖాళీగా ఉన్నా ‘ఎవరో వాడుతున్నారు’ అని మొండికేయవచ్చు. లోపలి ఫిల్టరు తప్పు విలువ చూపడం కారణం. పిన్నులను మామూలు అవుట్‌పుట్‌లుగా మార్చి, పైకి ఎత్తి, కిందికి దించి, మరల ఎత్తి, ఆ భాగాన్ని రీసెట్ చేసే పదిహేను మెట్ల విరుగుడును సంస్థవారే వ్రాసి ఇచ్చారు. చూడటానికి తంతులా ఉన్నా క్రమం తప్పకుండా చేస్తే ఫలిస్తుంది.

విరుగుడు లేనివీ ఉన్నవి. మొదటి పికోలోని ఆర్‌పీ2040 చిప్పు, వోల్టేజిని 0 నుండి 4095 వరకు అంకెలుగా కొలుస్తుంది. అందులో 512, 1536, 2560, 3584 అనే నాలుగు చోట్ల మెట్లు సమంగా ఉండవు. కొలత అక్కడ పట్టుకొని వ్రేలాడుతుంది. గది వేడిమి కొలిచేవారికి ఇది పట్టదు. సున్నితమైన కొలత కావలసినవారు వేరే కొలత చిప్పును బయట జతచేసుకోవాలి.

కనుక కొత్త చిప్పు చేపట్టినపుడు, దాని ప్రధాన గ్రంథమైన డేటాషీటుతోపాటు తప్పొప్పుల పట్టికను కూడ తయారీదారు వెబ్‌సైటు నుండి దించుకోవాలి. కొందరు దానిని డేటాషీటు చివర చేరుస్తారు, కొందరు వేరే పత్రంగా పెడతారు. వేరుగా పెట్టడం నాకు నచ్చదు. వెదికేవాడికే దొరికే హెచ్చరిక హెచ్చరిక ఎట్లా అవుతుంది? పట్టికలో ప్రతి దోషానికి ఎదురుగా అది ఏయే సవరణ చిప్పులకు వర్తిస్తుందో ఉంటుంది. ‘సవరించే ఉద్దేశం లేదు’ అన్న మాట కనబడితే ఆ దోషంతోనే కాపురమని అర్థం. మనం వాడబోయే భాగాలకు సంబంధించినవి మాత్రం చదివితే చాలు, సాధారణంగా గంటలోపు పని.

విరుగుడును ప్రోగ్రాములో వ్రాసినపుడు పక్కనే దోషం సంఖ్యను, చిప్పు సవరణను వ్యాఖ్యగా వ్రాసిపెట్టాలి. లేనిచో ఏడాది తరువాత ఆ ప్రోగ్రామును చూసిన మరొకరికి, పిన్నును ఊరకనే తెరచి మూసే ఆ రెండు పంక్తులు అనవసరంగా తోస్తాయి. శుభ్రం చేస్తున్నాననుకొని వాటిని తీసివేస్తారు. సంపులో నీరు అయిపోయిన రోజున మోటారు ఆగదు.