ప్రెషర్ వాషరుతో ఉపవృత్తి: యంత్రము కొనుటకు ముందు లెక్క చూచుకొనండి

పూర్వము కృష్ణా డెల్టా గ్రామములలో వాకిలి అనగా మట్టి వాకిలియే. తెల్లవారగానే ఊడ్చి, పేడనీటితో కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుటతో దాని శుభ్రత ముగిసెడిది. నేడు ఆ వాకిళ్ళు చాలావరకు సిమెంటు చప్టాలుగను, కడప బండలుగను, టైల్సుగను మారినవి. వీటికి కళ్ళాపి పనికిరాదు. వానకాలమున చప్టాపై పాచి పట్టును. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రముల నుండి రాలిన నల్లరేగడి బురద ఎండి రాయివలె బిగియును. పాచిపై కాలు జారి పెద్దలు పడుట ప్రతి ఊరిలోను చూచుచునే ఉన్నాము. చీపురుతో ఎంత రుద్దినను పోని ఈ మురికిని ప్రెషర్ వాషరు సులువుగా వదిలించును.

2024 సెప్టెంబరు మొదటి వారములో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం మొదలగు పేటలు రోజుల తరబడి నీట మునిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినది. నీరు తీసిన పిదప ఇంటింటా మిగిలినది బురద. దానిని కడుగుటకు అగ్నిమాపక శాఖ బండ్లు వీధులలోనికి రావలసి వచ్చినది. ఇటువంటి అవసరము కండ్లార చూచిన యువకునకు తానును ఒక యంత్రము కొని జీవనము చేసికొందమను తలంపు కలుగుట సహజము. తలంపు మంచిదే. కాని వరద ఏటేటా రాదు. బ్యాంకు వాయిదా మాత్రము నెలనెలా వచ్చును. కనుక మామూలు సంవత్సరములో, మామూలు నెలలో ఈ పని గిట్టునా అని తేల్చుకొనిన పిమ్మటనే యంత్రము కొనవలెను.

యంత్రము పనిచేయు తీరు

ఒక చిన్న మోటారు, దానికి బిగించిన పంపు, లావు గొట్టము, గన్ను, దాని చివర నాజిల్: యంత్రమంతయు ఇంతే. మామూలు పంపు నీటిని తోడిపోయును. ఇది కొద్ది నీటిని బలముగా వత్తి సన్నని రంధ్రము ద్వారా పంపును. రెండు హార్సుపవరు మోటారు గల యంత్రము చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల ఒత్తిడితో నిమిషమునకు 8 లీటర్ల నీటిని చిమ్మగలదు. జర్మనీ దేశములో ఆల్‌ఫ్రెడ్ కార్షర్ 1950లో వేడినీటితో పనిచేయు ఇటువంటి యంత్రమును తయారుచేసెను. అమెరికాలో ఇండ్ల ముందు కార్లు నిలుపు చప్టాలను కడుగుటయే వృత్తిగా పెట్టుకొనిన చిన్న వ్యాపారులు ఎందరో కలరు.

నాజిళ్ళను రంగును బట్టి గుర్తింతురు. ఎరుపు నాజిల్ నీటిని సూదివలె ఒకే ధారగా పంపును. పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25 డిగ్రీలు, తెలుపు 40 డిగ్రీల వెడల్పున చిమ్మును. నలుపు సబ్బు నీటికి. వాకిళ్ళకు ఆకుపచ్చ నాజిల్ తరచు సరిపోవును. ఎరుపు నాజిల్‌ను క్రొత్తవారు ముట్టకుండుట మేలు.

పని ఎక్కడ దొరకును?

యంత్రము కొనుటకు ముందు ఒక నోటుపుస్తకము కొనండి. మీ ఊరిలోను, చుట్టుప్రక్కల నాలుగైదు ఊళ్ళలోను తిరిగి సిమెంటు వాకిళ్ళు ఎన్ని, ట్రాక్టర్లు ఎన్ని, వరికోత యంత్రములు ఎన్ని, పశువుల కొట్టములు, కల్యాణమండపములు, రైసు మిల్లులు, బడులు ఎన్ని ఉన్నవో వ్రాసికొనండి. పది మందిని అడిగి, సంవత్సరమునకు ఎన్నిమార్లు కడిగింతురో, ఎంత ఇత్తురో తెలిసికొనండి.

పని అన్ని నెలలలోను ఒకే తీరుగా ఉండదు. జూలై, ఆగస్టు నెలలలో దమ్ము ట్రాక్టర్లు, ఇనుప చక్రములు కడుగు పని వచ్చును. వానలు వెనుకబడగానే పాచి పట్టిన వాకిళ్ళు, మెట్లు, డాబాలు ఉండును. దసరా ముందు పట్టణములో పని దొరకును. నవంబరు, డిసెంబరులలో వరికోత యంత్రములు, ధాన్యము ఆరబోయు సిమెంటు కళ్ళములు కడుగవలసి వచ్చును. సంక్రాంతికి ముందు పదిహేను రోజులు ఊపిరి సలుపదు. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట నీరే కరవగును గనుక పని తగ్గును. ఆ నెలల వాయిదాకు సంక్రాంతి నాడే సొమ్ము దాచి ఉంచవలెను.

వరికోత యంత్రము విషయము రైతులు ప్రత్యేకముగా గమనింపదగినది. ఒక పొలము నుండి మరియొక పొలమునకు పోవునపుడు ఆ యంత్రము తనతో కలుపు విత్తనములను, వేరు రకము వడ్లను మోసికొని పోవును. విత్తనము కొరకు పంట పెంచు రైతు తన చేలోనికి దిగకముందే దానిని శుభ్రము చేయించుట లాభము. ముందుగా పొడిగా దులిపి, ఆపైన కడుగవలెను. బేరింగులు, విద్యుత్ తీగెలు, రేడియేటరు రేకులపై నీటి ధార తగులరాదు. కడిగిన పిదప గ్రీజు పెట్టుట మరువరాదు.

పెట్టుబడి, రాబడి

దిగువ లెక్క ఒక ఉదాహరణము మాత్రమే. ధరలు మీరు స్వయముగా విచారించి, అంకెలు మార్చి వేసికొనండి.

యంత్రము: రూ. 30,000
అదనపు గొట్టము, నాజిళ్ళు: రూ. 5,000
చప్టాలను సమముగా కడుగు గుండ్రని పరికరము: రూ. 4,000
తీగె, షాకు కొట్టకుండ కాపాడు స్విచ్చి: రూ. 4,000
500 లీటర్ల నీటి ట్యాంకు: రూ. 3,500
బూట్లు, కళ్ళద్దములు, చేతి తొడుగులు: రూ. 1,500
మొత్తము: రూ. 48,000

ఈ సొమ్మును నూటికి 12 వడ్డీకి తెచ్చి రెండేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు రూ. 2,260 కట్టవలెను. మరమ్మతులకును, ముందుముందు క్రొత్త యంత్రమునకును నెలకు వేయి రూపాయలు వేరుగా ఉంచవలెను. అనగా పని ఉన్నను లేకున్నను నెలకు రూ. 3,260 ఖర్చు తప్పదు.

ఇక రాబడి. ఇద్దరు మనుషులు రోజుకు 600 చదరపు అడుగుల వాకిళ్ళు రెండు కడిగి, అడుగుకు రెండు రూపాయల వంతున తీసికొనిరనుకొందము. రాబడి రూ. 2,400. ఇద్దరి కూలి రూ. 1,200, బండి ఖర్చు రూ. 200, సబ్బు వగైరా రూ. 100 పోగా మిగులునది రూ. 900. నెలకు మూడు రోజులే పని దొరికినచో రూ. 2,700 మాత్రమే వచ్చి, రూ. 560 చేతి నుండి పెట్టుకొనవలసి వచ్చును. నాలుగు రోజులు దొరికినచో ఖర్చులకు సరిపోవును. ఎనిమిది రోజులు దొరికినచో అన్నియు పోగా రూ. 3,940 మిగులును. ఇద్దరిలో ఒకరు మీరే అయినచో ఆ కూలియు మీదే. మీ నోటుపుస్తకములో ఏడాది పొడవున సగటున నెలకు నాలుగు రోజుల పని కనబడనిచో యంత్రము కొనకండి. అద్దెకు తెచ్చి ఒక సీజను చేసి చూడండి. ఇద్దరు ముగ్గురు మిత్రులుగాని, మహిళా సంఘము వారుగాని కలిసి కొనినచో భారము తగ్గును.

అప్పు కావలసినవారు అధిక వడ్డీకి పోనక్కరలేదు. 2015లో ప్రారంభమైన ముద్ర పథకము క్రింద శిశు తరగతిలో రూ. 50,000 వరకు బ్యాంకులు పూచీకత్తు లేకుండ ఋణమిచ్చును. 2020 నుండి అమలులో ఉన్న ఉద్యం నమోదుకు రుసుము లేదు. కొనబోవు కంపెనీ యంత్రమునకు సీళ్ళు, వాల్వులు విజయవాడ ఆటోనగరులో దొరకునో లేదో ముందే విచారించండి. విడిభాగము దొరకని యంత్రము ఎంత చవకయైనను వలదు.

నీరు ఎక్కడిది, ఎక్కడికి పోవును?

నిమిషమునకు 8 లీటర్లనగా గంటకు 480 లీటర్లు. 600 అడుగుల వాకిలికి గంటన్నర పట్టినచో 720 లీటర్లు కావలెను. ఇంటివారి వద్ద నీరు ఉన్నదా, లేక మీరు తేవలెనా అని బేరము నాడే మాటాడుకొనండి. కాలువ నీటిని వాడినచో వడగట్టక యంత్రములోనికి పంపరాదు. ఒండ్రు పోయిన పంపు ఎంతోకాలము బ్రతుకదు.

డెల్టాలో కాలువ నీరే ఎన్నో ఊళ్ళ మంచినీటి చెరువులకు చేరును. అందుచేత కాలువ గట్టున ట్రాక్టరు నిలిపి కడుగుట, నూనె, సబ్బు నీరు కాలువలోనికి వదలుట తగదు. పశువుల కొట్టము కడిగిన నీటిని ఎరువు గుంటకుగాని, చేనికిగాని మళ్ళించినచో అదియే ఎరువగును.

కడుగు విధానము

ముందుగా చప్టా ఊడ్చి, రాళ్ళు, ఆకులు తీసివేయవలెను. ఒక మూల జానెడు మేర కడిగి ఇంటివారికి చూపి, వారు సరేననిన పిదప పని సాగింపవలెను. నాజిల్‌ను అడుగు దూరమున పట్టి, మురికి వదలనిచో కొద్దికొద్దిగా దగ్గరకు తేవలెను. ఎగువ నుండి పల్లమునకు, ఒక చాలులో సగము మరియొక చాలుపై పడునట్లు, దుక్కి దున్నినట్లే వరుసగా పోవలెను.

అన్ని గచ్చులు ఒకటి కావు. నెల నిండని క్రొత్త సిమెంటును కడుగరాదు. ఇసుకతో బిగించిన టైల్సు సందులలో ధార పెట్టినచో ఇసుక లేచిపోయి టైల్సు కదలును. పాత సున్నపు గోడలు, పెంకుల కప్పు ఈ ధారకు ఆగవు. చేయరాని పనిని చేయలేనని చెప్పువానినే ఊరు మరల పిలుచును.

ప్రాణమునకు జాగ్రత్త

ఈ నీటి ధార చర్మమును చీల్చి లోనికి దిగగలదు. గాయము చీమ కుట్టినంతగా కనబడినను లోపల కండ చెడును. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి, ఒత్తిడి నీరు తగిలినదని వైద్యునకు చెప్పవలెను. గన్ను మనిషి వైపు, పశువు వైపు త్రిప్పరాదు. చెప్పులతో పని చేయరాదు. మూడు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గునే వాడవలెను. 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి లేకుండ తడి నేలపై మోటారు వేయరాదు. తీగె అతుకులు నీటిలో పడి ఉండరాదు.

వరద బురద కడుగునపుడు ఇంటి కరెంటు తీసివేయించి ఎలక్ట్రీషియను చూచిన పిమ్మటనే లోనికి పోవలెను. బురద తడిగా ఉన్నపుడే పారతో ఎత్తి, మిగిలిన దానినే కడుగవలెను. ఎండినచో పని రెట్టింపగును. ఆ నీటిలో ఎలుకల మూత్రము వలన ఎలుక జ్వరము సోకు భయము కలదు. కాలిపై పుండు ఉన్నవారు దిగరాదు. పని పిదప జ్వరము తగిలినచో వెంటనే వైద్యునకు చూపవలెను. బ్లీచింగు పొడిని యాసిడుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

గ్రామాధికారులకు ఒక మాట

మీ గ్రామములో ఇటువంటి యంత్రములు గలవారి పేర్లు పంచాయతీలో వ్రాసి ఉంచండి. బడి, ఆరోగ్య కేంద్రము, బస్సు షెల్టరు, ధాన్యపు కళ్ళము కడుగు పనిని వారికి ఇప్పించినచో వారికి ఏడాదిలో కొన్ని నికరమైన రోజులు దొరకును. వరద వచ్చిన నాడు ఊరికి వారే మొదటి సాయమగుదురు.

రైతు సోదరులారా! యంత్రము పెద్దది కాదు, పని కష్టమైనదియు కాదు. వాకిళ్ళు లెక్కించి, రోజులు లెక్కించి, నీరు లెక్కించి దిగినవానికి ఇది వ్యవసాయమునకు తోడుగా నిలుచును. లెక్క లేక దిగినవానికి యంత్రము వసారాలోను, వాయిదా నెత్తిపైనను మిగులును. ఈ వారమే నోటుపుస్తకము చేతబట్టి మీ వీధి నుండి మొదలుపెట్టండి.