దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు, మెదక్‌లో జాగారం

2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో, కోణార్క్, వెంకటాద్రి సినిమా హాళ్ల దగ్గర సైకిళ్లకు పెట్టిన బాంబులు రెండు నిమిషాల తేడాతో పేలాయి. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. దిల్‌సుఖ్‌నగర్ అంటే హాస్టళ్లు, మెస్సులు, కోచింగ్ సెంటర్లు. అన్ని జిల్లాల పిల్లలూ చదువుకోవడానికి చేరే చోటు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్ పట్టణానికి ఆ పేరు పరాయి ఊరి పేరు కాదు. బిడ్డ అక్కడుంటే ఫోన్ కలిసేదాకా తల్లి కూర్చోలేదు. కలిసి, “మంచిగనే ఉన్ననే అమ్మా” అన్న మాట విన్నాక కూడా ఆ రాత్రి ఆమెకు నిద్ర రాదు. ఎందుకు రాదు?

మెదడు లోపల బాదం గింజంత ఉండే అమిగ్డాలా అనే భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. అది హెచ్చరించగానే ఒంట్లోకి అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. నిద్ర పట్టాలంటే దీనికి సరిగ్గా ఎదురు జరగాలి: గుండె నెమ్మదించాలి, ఒంటి వేడి కాస్త తగ్గాలి. అడవి పందులు పడతాయని మక్క చేనుకు కావలి పోయిన మనిషి మంచె మీద కునుకు తీసినా ఆయన చెవి మాత్రం మేలుకునే ఉంటుంది. భయంతో పడుకున్న మనిషి నిద్రా అంతే. వీధిలో బుల్లెట్ బండి సైలెన్సర్ ‘ఫట్’మంటే లేచి కూర్చుంటాం. గంటల లెక్కన నిద్ర పోయినట్టే ఉంటుంది గానీ తెల్లారేసరికి అలసట తీరదు.

అయితే పంట ఇంటికొస్తే ఆ కావలి ముగుస్తుంది. ఉగ్రవాద భయానికి ఆ ముగింపు లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద అన్నది తెలియదు. చాట్ తినడానికి పోయినవాళ్లు, లేజర్ షో చూడ్డానికి పోయినవాళ్లు 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లోని గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో బాంబులకు బలైపోయారు. ఇక ప్రమాదం లేదని ఎవరూ చెప్పలేరు గనక మెదడు కావలి దిగదు.

దానికి తోడు టీవీ, ఫోన్. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేలమందిని అడిగి చూశారు. తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లలో కనిపించిన తీవ్ర ఒత్తిడి, ఘటనా స్థలంలో ఉన్నవాళ్లలో కన్నా ఎక్కువగా తేలింది. నెత్తుటి దృశ్యాన్ని పదేపదే తిప్పి చూపించడం వార్త చెప్పడం కాదు, చూసేవాళ్లకు చేసే హాని. పడక మీద ఫోన్ పట్టుకుని ఆ వీడియోలు చూడకపోవడమే మొదటి మందు.

ఇంకో భయమూ ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పలువురు ముస్లిం యువకులను పట్టుకుపోయారు. తర్వాత కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా తేలారు. అలాంటి ఇళ్లలో అర్ధరాత్రి తలుపు చప్పుడంటే ఏమిటో ఊహించుకోవచ్చు. ఆ నిద్రలేమి కూడా బాంబు చేసిన గాయమే.

పేలుడును కళ్లారా చూసినవాళ్ల కష్టం వేరు. కలలో అదే దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది, కల వస్తుందేమోనని పడుకోవడానికే జంకుతారు. ఏళ్లు గడిచాక కూడా, 2025 ఏప్రిల్‌లో దిల్‌సుఖ్‌నగర్ కేసులో హైకోర్టు ఉరిశిక్షలను ఖరారు చేసినప్పటిలా ఏదో వార్త వస్తుంది, పాత దృశ్యాలు మళ్లీ తెర మీదికెక్కుతాయి. ఇలాంటి పీడకలలకు చికిత్స ఉంది. పగటి వెలుతురులో ఆ కలను కాగితం మీద రాసి, ముగింపు మార్చి, మార్చిన కలను రోజూ కాసేపు మనసులో నెమరేసుకోమంటారు. వినడానికి చిన్న పనే, చాలామందికి మేలు చేసింది.

మిగతావాళ్లు నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు. లేచి వేరేచోట కూర్చుని, కళ్లు మూతపడుతుంటే వచ్చి పడుకోవాలి. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి. ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుందన్నది సగమే నిజం, తెల్లవారుజామున అదే నిద్ర చెడగొడుతుంది. హాస్టల్లో ఉన్న పిల్లలతో ఫోన్‌కు ఒక వేళ పెట్టుకుంటే గంటగంటకూ ఆరా తీసే పని తప్పుతుంది. నెల దాటినా నిద్ర కుదరకపోతే, పగటి పనులు ఆగిపోతుంటే డాక్టరుకు చూపించుకోవాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి అయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.