ఆంబోతు విలువ తేల్చేది దాని దూడలే

అర్పా నదికి ఒక ఒడ్డున పాత బిలాస్‌పూర్, మరో ఒడ్డున సర్కండా ఉంటాయి. రైల్వే జోన్ కేంద్రంగా పేరున్న ఈ ఛత్తీస్‌గఢ్ పట్టణంలో వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నది సర్కండాలోనే. పట్టణం దాటితే వరి పొలాలు. ఆ పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న శరీరం గల కోసలి జాతి పశువులు. తన ఆవును ఏ ఆంబోతుతో దాటించాలా అని ఇక్కడి రైతు ఆలోచిస్తాడు. మాంసం కోసం హెరిఫర్డ్ పశువులను పెంచే అమెరికా రైతు కూడా ఆంబోతును కొనే ముందు అలాగే ఆలోచిస్తాడు. ఇద్దరి ప్రశ్నా ఒక్కటే: దీనికి పుట్టే దూడలు ఎలా ఉంటాయి?

రంగు, కండ, నడక కంటికి కనిపిస్తాయి. దూడలకు అందే జన్యువులు కనిపించవు. అందుకే ఆంబోతు ఎంపిక ఒక శాస్త్రంగా ఎదిగింది.

ఒక్క ఎంపిక, వేల దూడలు

ఆవు ఏడాదికి మహా అయితే ఒక దూడను ఈనుతుంది. మందలో తిరిగే ఆంబోతు ఒక్క సీజన్‌లోనే పాతిక, ముప్పై ఆవులను చూడి కట్టించగలదు. కృత్రిమ గర్భధారణలో ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఒకసారి సేకరించిన వీర్యాన్ని పలుచన చేసి వందల గొట్టాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి నిల్వ చేయవచ్చు. మంచి ఆంబోతు దొరికితే ఆ మేలు వేల ఇళ్లకు చేరుతుంది. లోపమున్న ఆంబోతును ఎంచుకుంటే ఆ లోపమూ అన్ని ఇళ్లకూ చేరుతుంది.

అందం తెచ్చిన మరుగుజ్జులు

హెరిఫర్డ్ జాతి ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్‌లో పుట్టింది. ఎర్రని ఒళ్లు, తెల్లని ముఖం దాని గుర్తులు. 1817లో ఇది అమెరికా చేరింది. 1930లు, 40లలో అక్కడి పశు ప్రదర్శనల్లో పొట్టి కాళ్లు, గుండ్రని దిట్టమైన ఒళ్లు ఉన్న ఆంబోతులకే బహుమతులు దక్కేవి. రైతులు వాటినే కొన్నారు. కొన్నాళ్లకు మందల్లో మరుగుజ్జు దూడలు పుట్టసాగాయి. ఉబ్బిన నుదురు, పెద్ద పొట్ట, గురకలాంటి శ్వాస వాటి లక్షణాలు. చాలా దూడలు ఎదగకుండానే చనిపోయేవి.

దీనికి కారణం ఒక అంతర్గత జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట ప్రతులు అందితేనే దూడ మరుగుజ్జుగా పుడుతుంది. ఒకే ప్రతి ఉన్న పశువు ఆరోగ్యంగా కనిపిస్తూనే లోపాన్ని మోస్తుంది. అలాంటివి రెండు కలిస్తే ప్రతి ఈతలోనూ మరుగుజ్జు పుట్టే అవకాశం నాలుగో వంతు. పొట్టిగా, దిట్టంగా ఉన్న ఆంబోతులను ఏరుకోవడంలో రైతులు తెలియకుండానే ఈ జన్యువును మోసే పశువులనూ ఎంచుకున్నారు.

డీఎన్‌ఏ పరీక్షలు లేని ఆ రోజుల్లో ఆంబోతును నిర్ధారించేందుకు దూడలే ఆధారం. లోపాన్ని మోస్తున్నాయని తేలిన ఆవులతో దాన్ని దాటించేవారు. ఆంబోతు కూడా లోపాన్ని మోస్తుంటే, ఒక్కో దూడ మామూలుగా పుట్టే అవకాశం నాలుగింట మూడు వంతులు. వరుసగా 16 దూడలూ మామూలుగా పుట్టే అవకాశం వందలో ఒకటి మాత్రమే. అంటే 16 దూడలూ బాగుంటే, ఆ ఆంబోతు దాదాపుగా నిర్దోషి. ఇప్పుడు కారక మార్పు తెలిసిన జన్యు లోపాలను కాస్త రక్తంతోనో, కొన్ని వెంట్రుకలతోనో పరీక్షించవచ్చు.

ముందు ఆరోగ్యం, ఆపై సామర్థ్యం

జన్యువుల సంగతి చూసే ముందు ఆంబోతు అసలు పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. కళ్లు, పళ్లు, కాళ్లు, గిట్టలు బాగుండాలి. మేత వెతుక్కుంటూ, ఎదకొచ్చిన ఆవు వెంట తిరగలేని ఆంబోతు వల్ల ఉపయోగం లేదు. తరవాత వృషణాల చుట్టుకొలతను టేపుతో కొలుస్తారు. అమెరికాలో మాంసపు జాతుల విషయంలో పాటించే ప్రమాణం ప్రకారం, రెండేళ్లు దాటిన ఆంబోతుకు ఇది కనీసం 34 సెంటీమీటర్లు ఉండాలి. సూక్ష్మదర్శిని కింద వీర్యకణాల్లో కనీసం 70 శాతం సరైన ఆకారంలో కనిపించాలి. మూపురమున్న మన జాతులు ఆలస్యంగా ఎదకొస్తాయి కాబట్టి ఈ కొలతలను వాటికి ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదు.

మన దేశంలో వీర్య కేంద్రాల్లోకి తీసుకునే ఆంబోతులకు క్షయ, బ్రుసెల్లోసిస్, జోన్స్ వంటి వ్యాధుల పరీక్షలు తప్పనిసరి. గడ్డకట్టించిన వీర్యాన్ని కరిగించాక సగం కణాలైనా చురుగ్గా కదలాలి.

40 కిలోల్లో దూడకు అందేది ఎంత?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒకే మందలో, ఒకే కాలంలో పుట్టి, ఒకే మేత తిన్న దూడలు కొన్ని ఉన్నాయనుకుందాం. పాలు మరిచే నాటికి వాటిలో ఒక కోడెదూడ సగటు కంటే 40 కిలోలు ఎక్కువ తూగింది. ఈ తేడాలో తల్లి పాలు, ఆరోగ్యం, మేత వంటి వాటి పాత్ర చాలా ఉంటుంది. జన్యువుల వాటా నాలుగో వంతు అనుకుంటే అది 10 కిలోలు. దీన్నే ప్రజనన విలువ అంటారు. తండ్రి తన జన్యువుల్లో సగమే దూడకు ఇస్తాడు కాబట్టి, దాని సంతానంలో ఆశించగలిగిన అదనపు బరువు 5 కిలోలే.

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు మేతతో పెరిగిన పశువులను నేరుగా పోల్చడం కూడా తప్పే. కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త చార్ల్స్ హెండర్సన్ ఈ చిక్కును విప్పే గణాంక పద్ధతిని రూపొందించారు. అది పశువు సొంత కొలతలతో పాటు తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం వివరాలన్నింటినీ కలిపి, పెంపకం ప్రభావాన్ని విడదీసి, జన్యువుల వాటాను అంచనా వేస్తుంది. కొలిచిన దూడల సంఖ్య పెరిగేకొద్దీ ఆ అంచనా మీద నమ్మకం పెరుగుతుంది. ఇక పాల విషయంలో ఆంబోతును కొలవడానికే వీలులేదు. దాని కూతుళ్లు ఈని పాలిచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాల్సిందే.

ఈ నిరీక్షణను తగ్గించింది జన్యు పటం. 2009లో శాస్త్రవేత్తలు ప్రకటించిన తొలి ఆవు జన్యు పటం ఒక హెరిఫర్డ్ ఆవుదే. దాని పేరు డామినెట్. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, ఫోర్ట్ కియో పరిశోధన కేంద్రంలో 1934 నుంచి పెంచుతున్న వంశంలో అది పుట్టింది. ఇప్పుడు డీఎన్‌ఏ గుర్తుల ఆధారంగా లేగ వయసులోనే ప్రజనన విలువను అంచనా వేస్తున్నారు.

ఏ పనికి మంచి ఆంబోతు?

ప్రజనన విలువ ఎంత కచ్చితంగా లెక్కించినా, ముందు లక్ష్యం స్పష్టంగా ఉండాలి. ఒంగోలు జాతిని మన రైతులు దుక్కికీ పాలకూ పెంచారు. అదే జాతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అయింది. ప్రకాశం జిల్లా కరవది గ్రామం పేరు మోసిన ఆంబోతు ఒకటి 1960ల తొలినాళ్లలో అక్కడికి చేరి, ఆ జాతికి మూలపురుషుల్లో ఒకటిగా నిలిచింది. బ్రెజిల్ వాళ్లు దూడల బరువులు తూచి, నమోదు చేసి, తరతరాలుగా ఎంపిక చేస్తూ దాన్ని మాంసపు జాతిగా మలిచారు.

ఛత్తీస్‌గఢ్‌లో 2004 నాటి చట్టం గోవధను నిషేధించింది. అక్కడ మాంసం లక్ష్యం కాదు. వరి మడిలో దిగబడకుండా నడవడం, ఎండను, తక్కువ మేతను తట్టుకోవడం, క్రమం తప్పకుండా ఈనడం, కాస్త పాలు ఇవ్వడం కోసలి రైతుకు ముఖ్యం. హెరిఫర్డ్‌కు గొప్పదైన బరువు ఇక్కడ బరువే అవుతుంది. పెద్ద జాతి ఆంబోతుతో దాటిస్తే దూడ పెద్దదై, చిన్న ఆవుకు ఈత కష్టమయ్యే ప్రమాదమూ ఉంది.

లోటు ఎక్కడుందంటే, కోసలి వంటి జాతుల్లో ఈ లక్షణాలను నమోదు చేసిన వివరాలు తక్కువ. ఒక్కో ఇంట్లో రెండు, మూడు ఆవులే ఉంటాయి. అందుకే అనేక ఊళ్ల లెక్కలు ఒక్కచోట చేరాలి. పశువుల చెవులకు వేసే 12 అంకెల పసుపు ట్యాగు ఇందుకు పనికొస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో దేశీ ఆవుల కోసం ‘ఇండిగౌ’ అనే జన్యు చిప్‌ను తెచ్చింది. ఇందులో 11,496 డీఎన్‌ఏ గుర్తులున్నాయి. అయితే ఏ గుర్తు ఏ లక్షణంతో ముడిపడిందో చిప్ తనంతట తాను చెప్పలేదు. దానికి ఎవరో ఒకరు పాలు కొలిచి, ఈత తేదీ రాసి ఉండాలి.

సర్కండా చుట్టుపక్కల రైతు ఈరోజే అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆంబోతు తల్లి ఎన్ని ఈతలు ఈనింది? రెండు ఈతల మధ్య ఎంత ఎడం ఉంది? వ్యాధి పరీక్షలు జరిగాయా? అది ఊళ్లో మూడేళ్లకు పైగా ఉండి, సొంత కూతుళ్లతోనే కలిసే పరిస్థితి వచ్చిందా? ఈ జవాబులను నోటు పుస్తకంలోనైనా రాసి పెడితే, వచ్చే తరం ఆంబోతును ఎంచడానికి ఆధారం దొరుకుతుంది. రాయకపోతే మంచి కోసలి ఆంబోతు ఊళ్లోనే ఉన్నా, దాన్ని గుర్తించే దారి ఉండదు.