గంటలో ముగిసిన తీర్పు

1989 డిసెంబరులో రొమేనియా ప్రభుత్వం తిమిషోరా పట్టణంలో లాస్లో టోకేష్ అనే సంఘకాపరిని ఇల్లు ఖాళీ చేయించబోయింది. విశ్వాసులు ఆయన గుమ్మం ముందు కాపలా నిలిచారు. ఆ చిన్న గుంపుతో ఊరు, ఊరితో దేశం కదిలింది. 24 ఏళ్లు ఏలిన నియంత చౌషెస్కు కూలిపోయాడు.

క్రిస్మస్ రోజునే సైనిక న్యాయస్థానం సుమారు గంటలో విచారణ ముగించింది. వెంటనే అతణ్ణి, భార్య ఎలెనాను కాల్చి చంపారు. చాలామంది సంతోషించారు. కానీ ప్రియులారా, అది న్యాయమేనా?

ఆ విప్లవంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది నియంత పారిపోయిన తరువాతే చనిపోయారు. కాల్చమన్నది ఎవరు? కుటుంబాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. తరువాత అధికారం చేపట్టిన ఇలియెస్కుపై 2018లో నేరారోపణ జరిగింది. తీర్పు రాకముందే, 2025లో ఆయన మరణించాడు.

నిందితుని మాట వినకుండా తీర్పు చెప్పవచ్చా అని నీకొదేము ప్రశ్నించాడు (యోహాను 7). దుష్టుణ్ణి విడిచిపెట్టాలని కాదు మేము దీన్ని గుర్తుచేసేది. పూర్తి విచారణ జరిగితేనే బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు నిజం తెలుస్తుంది. బాధితులకు క్షమాపణను బోధించే ముందు, వారి పక్కన నిలబడి మనమూ ఆ నిజాన్ని అడుగుదాం.