ఇంటి ముందు గరిక ఎందుకు చచ్చిపోతుంది?

పిల్లలూ! మీ ఇంటి ప్రహరీగోడకూ రోడ్డు అంచుకూ మధ్య ఉన్న నేలను ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? ఆరడుగుల వెడల్పు ఉండే ఆ నేలను ఎవరూ తమదనుకోరు. ఎవరూ విత్తకపోయినా, నీరు పోయకపోయినా అక్కడ గరిక పెరుగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న మన కొత్తకోట వంటి ఊళ్లలో మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు నిలిపేది కూడా అక్కడే. కొన్నాళ్లకు గరిక పోయి, చక్రాల చాళ్లు మిగులుతాయి. ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో బురద. "గడ్డే కదా, పోతే పోయింది" అంటారు పెద్దలు. కాని పోయింది గడ్డి ఒక్కటేనా? చూద్దాం.

నేలలోని ఖాళీలు

నేల గట్టి పదార్థంలా కనిపిస్తుంది. నిజానికి మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీలలో కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. నేత పని తెలిసిన ఊరు మనది గనుక ఒక పోలిక చెప్పుకుందాం. పలుచగా నేసిన గుడ్డలోంచి నీరు సులభంగా దిగుతుంది. దట్టంగా నేసిన గుడ్డ మీద కాసేపు నిలుస్తుంది. నేల కూడా అంతే.

దీనిని లెక్కగా చూడవచ్చు. మట్టి రేణువుల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. వదులుగా ఉన్న చల్క నేలను ఖాళీలతో సహా తూచితే ఘన సెంటీమీటరుకు సుమారు 1.4 గ్రాములు వస్తుంది. 1.4ను 2.65తో భాగించి, 1 నుంచి తీసివేయండి. ఖాళీలు 47 శాతం అని తేలుతుంది. అదే నేల అణగి 1.8 గ్రాములకు చేరితే ఖాళీలు 32 శాతమే. పైగా ముందు మూసుకుపోయేవి గాలి, నీరు సులభంగా నడిచే పెద్ద ఖాళీలు. ఇంత గట్టిపడ్డ నేలలోకి వేళ్లు చొరబడలేవు. వేళ్లకూ శ్వాసక్రియ ఉన్నది. ఆక్సిజన్ అందకపోతే అవి చచ్చిపోతాయి.

టైరు చేసే పని

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని మీరు చదువుకున్నారు. టైరు నేల మీద కలిగించే పీడనం ఇంచుమించు టైరులోని గాలి పీడనమంత ఉంటుంది. లారీ టైరులో అది చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. అంటే అరచేయంత చోటు మీద, 100 చదరపు సెంటీమీటర్లనుకుంటే, 700 కిలోల బరువు! ట్రాక్టరు వెనుక టైరు పీడనం ఇందులో చాలా తక్కువ. కాని బండి మొత్తం బరువు ఎంత ఎక్కువైతే నేల అంత లోతు వరకు అణుగుతుంది.

తడి నేలకు హాని ఇంకా ఎక్కువ. రేణువుల మధ్య నీరు కందెనలా పనిచేసి, అవి ఒకదానిపై ఒకటి జారి దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే వేసవిలో నెల రోజుల్లో జరగని నష్టం, వాన కురిసిన సాయంత్రం ఒక్కసారి బండి నిలిపితే జరుగుతుంది. మన చల్క నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ. గడ్డి కప్పు పోతే వాన చినుకుల దెబ్బకే పైపొర చెక్కులా గట్టిపడుతుంది.

పోయే నీరు ఎంత?

10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న నేల మీద 25 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకోండి. పడే నీరు 500 లీటర్లు. ఇటువంటి ఇళ్లు వంద ఉంటే 50,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పది! గరిక ఉన్న వదులు నేల అందులో చాలా భాగాన్ని ఇంకించుకుంటుంది. అణగిన నేల మోరీలోకి పంపుతుంది. మన ప్రాంతంలో అడుగున గ్రానైటు రాయి. దాని పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్లలోను ఇంకిన వాననీరే మన బావులకు, బోర్లకు ఆధారం. ఇక చాళ్లలో వారం పది రోజులు నిలిచే నీటిలో దోమ గుడ్డు పెద్ద దోమ అవుతుంది.

బాగుచేయడం ఎలా?

గరికకు ఒక గొప్ప గుణం ఉన్నది. దాని కాండం నేల మీద పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. ప్రతి కణుపు దగ్గర వేళ్లు పుట్టించగలదు. ముందుగా ఒకచోట తవ్వి చూడండి. లోపల తెల్లని కాండాలు బతికి ఉంటే, నేలను వదులు చేస్తే చాలు, గరిక తానే లేస్తుంది.

లేకపోతే మిరుగం వానలు పడ్డాక పని మొదలుపెట్టండి. మునిసిపాలిటీ వారికి చెప్పి, నల్లా పైపు ఎక్కడుందో తెలుసుకొని, పెద్దల సాయంతో గడ్డపారతో జానెడు లోతు వరకు నేలను వదులు చేయాలి. మాగిన పశువుల ఎరువు, కొంచెం చెరువు మట్టి కలపాలి. మూడు నాలుగు కణుపులున్న గరిక ముక్కలను జానెడు దూరంలో నాటి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నొక్కాలి. వానలు లేని రోజుల్లో నీరు చల్లాలి. దట్టమైన చెట్టు నీడలో మాత్రం గరిక పెరగదు.

బండి నిలపక తప్పదా? అయితే చక్రాలు వెళ్లేచోట రెండు వరుసలు బండలు పరిచి, మధ్యలో గరిక పెంచండి. బరువు బండలు మోస్తాయి. కారణాన్ని తొలగించకుండా గడ్డి నాటితే, వచ్చే ఏడు మళ్లీ నాటవలసిందే.

చేసి చూడండి

రెండు వైపులా మూతలు తీసిన డబ్బా ఒకటి తీసుకోండి. అంచులు కోసుకోకుండా జాగ్రత్త! దానిని గరిక ఉన్నచోట రెండంగుళాలు నేలలోకి దించి, గ్లాసెడు నీరు పోయండి. నీరు ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఇదే పని చక్రాల చాలులో కూడా చేయండి. రెండు అంకెలను మీ వీధిలో వారికి చూపించండి. గడ్డే కదా అన్నవారు ఆ అంకెలకు ఏం జవాబు చెబుతారో వినండి.