బోరు నీళ్లు ఉప్పగా మారాక కాదు.. నోటీసు పడ్డ రోజే వకీలును కలవాలి

బోగోలు: ఊరి చివర వరి పొలంలో ఓ రోజు పొక్లెయిన్ దిగుతుంది. నెల తిరక్కుండానే అక్కడ రొయ్యల చెరువు. ఏడాది రెండేళ్లకు పక్కింటి బోరులో నీళ్లు ఉప్పగా వస్తాయి. వజూకి పట్టిన నీళ్లు నోట్లో పోసుకుంటే తేడా తెలిసిపోతుంది. టీ విరిగిపోతుంది. అప్పుడు ఇంట్లో పెద్దలు అంటారు, 'ఎవరైనా వకీల్ సాబ్‌ని కలుద్దాం' అని.

నెల్లూరు తీరంలో ఇలాంటి అనుభవం ఉన్న కుటుంబాలకు కొదవ లేదు. కానీ పర్యావరణ కేసుల్లో వకీలు చేయగలిగిన పనిలో సగం, ఆయన దగ్గరికి వెళ్లకముందే తేలిపోతుంది. ఎలాగో చూద్దాం.

బారిస్టర్ వేరు, అడ్వొకేట్ వేరా?

ఇంగ్లండులో కేసు కాగితాలు సిద్ధం చేసే సొలిసిటర్ వేరు, కోర్టులో వాదించే బారిస్టర్ వేరు. ఒకప్పుడు మన వాళ్లూ అక్కడికి వెళ్లి బారిస్టర్ చదివి వచ్చేవారు. ఒంగోలు ప్రాంతానికి చెందిన టంగుటూరి ప్రకాశం పంతులు అలా వచ్చినవారే. 1961 అడ్వొకేట్స్ చట్టం వచ్చాక మన దేశంలో ఆ తేడా పోయింది. అందరూ అడ్వొకేట్లే. అయితే గుండె జబ్బుకు ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు ఉన్నట్టే, భూ వినియోగం, పర్యావరణం, ప్రభుత్వ నిర్ణయాల మీదే పని చేసే వకీళ్లు ఉన్నారు.

వీళ్ల కేసుల్లో ఎదుటి పక్షం తరచూ కలెక్టర్, కాలుష్య నియంత్రణ మండలి, కేంద్ర మంత్రిత్వ శాఖ లాంటి అధికార వ్యవస్థే. కోర్టు ముందు ఉండే అసలు ప్రశ్న కూడా వేరు. పోర్టు మంచిదా, ఫ్యాక్టరీ చెడ్డదా అని హైకోర్టు తేల్చదు. అనుమతి ఇచ్చిన అధికారికి ఆ అధికారం ఉందా? చట్టం చెప్పిన పద్ధతి పాటించారా? జనం చెప్పింది విన్నారా? ఇవే చూస్తుంది. రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో వేసే రిట్ పిటిషన్లు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి.

బోగోలుకు ఇది ఎందుకు ముఖ్యం?

ఈ మండలంలోనే జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ కట్టారు. ఉత్తరాన రామాయపట్నం పోర్టు, దక్షిణాన దగదర్తి ఎయిర్‌పోర్టు ప్రతిపాదన. మధ్యలో రొయ్యల చెరువులు, చేపల వేట, వరి పొలాలు, మసీదులు, కబ్రస్థాన్లు, బోర్ల మీద ఆధారపడ్డ ఇళ్లు. అభివృద్ధి వస్తే పిల్లలకు ఉద్యోగాలు వస్తాయన్న ఆశ న్యాయమైనదే. తాగే నీళ్లు పోకూడదన్నదీ అంతే న్యాయమైనది. ఈ రెండింటి మధ్య తూకం వేయడానికే చట్టంలో కొన్ని మెట్లు పెట్టారు.

మొదటి మెట్టు ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబర్ 14న వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, చాలా పెద్ద ప్రాజెక్టులకు ఇది తప్పనిసరి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరేట్, జిల్లా పరిషత్, పంచాయతీ లాంటి చోట్ల జనం చూసుకునేలా పెట్టాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో సభలో వచ్చిన అభ్యంతరాలను తెలుగులో చదివి వినిపించాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సభలో ఓటింగ్ ఉండదు. వెయ్యి మంది వద్దని అరిచినంత మాత్రాన ప్రాజెక్టు ఆగదు, వందమంది చప్పట్లు కొట్టినంత మాత్రాన అనుమతి రాదు. పనికొచ్చేది రికార్డుకెక్కిన అభ్యంతరం. 'మా ఊరికి అన్యాయం జరుగుతోంది' అంటే అది బాధ. 'నివేదికలో బీడు భూమి అని రాసిన సర్వే నంబరులో మూడు బోర్లు, ఒక పంట కాలువ ఉన్నాయి' అంటే అది సాక్ష్యం. రేపు వకీలు కోర్టులో చూపించేది ఈ రెండోదే. సభకు వెళ్లలేని ఆడవాళ్లు, పెద్దవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. రసీదు మాత్రం తీసుకోవాలి.

సోంపేట చెప్పిన పాఠం

ఒక్క వాక్యం ఎంత బరువైనదో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపించింది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన భూమి బీడు కాదు, జనం 'బీల' అని పిలుచుకునే చిత్తడి నేల. దాని నీళ్ల మీద రైతులు, జాలర్లు బతుకుతారు. 2010 జూలై 14న అక్కడ ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. రోడ్డు మీద పోరాటం ఎంత నడిచినా, అనుమతి కాగితాన్ని చెల్లకుండా చేసింది ఆ నేల ఏమిటో నిరూపించిన అప్పీలే.

హైదరాబాద్ వాళ్లకు తెలిసిన కేసు మరొకటి ఉంది. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ దగ్గర నూనె ఫ్యాక్టరీ పెట్టే విషయంలో 1999లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. హాని జరుగుతుందని జనం నిరూపించాల్సిన పని లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవాళ్లే చూపించాలి అన్నది దాని సారం.

మరి రొయ్యల చెరువుల సంగతి?

1990ల మొదట్లో తీరం వెంట రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగినప్పుడు, తమిళనాడుకు చెందిన ఎస్.జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. వ్యవసాయ భూములు, ఉప్పు కయ్యలు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని కోర్టు చెప్పింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్నీ అమలు చేసింది. తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి చాలా చెరువులకు దారి చూపింది. 2023లో దాన్ని మళ్లీ సవరించింది. కాబట్టి పాత తీర్పు ఒక్కటే పట్టుకుని వెళ్తే కేసు నిలవదు. ఆ చెరువుకు అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, ఏ సర్వే నంబరుకు ఉంది, షరతులు ఏమిటి అన్నది ముందు తెలుసుకోవాలి. మత్స్యశాఖకు సమాచార హక్కు కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గడువు దాటితే తలుపు మూసినట్టే

పర్యావరణ వివాదాలకు 2010 నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నైలోని దక్షిణ బెంచ్‌కు వెళ్తాయి. ట్రిబ్యునల్ వినే విషయాలను సివిల్ కోర్టు వినదు. అందుకే కావలిలో దావా వేసి ఏళ్లు పోగొట్టుకుంటే నష్టమే.

గడువులు ఇవి. పర్యావరణ అనుమతిపై అప్పీలుకు, ఆ ఉత్తర్వు తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు. ఆ తర్వాత ట్రిబ్యునల్ కూడా ఏమీ చేయలేదు. ఇతర పర్యావరణ వివాదాలకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలు. నష్టపరిహారానికి 5 ఏళ్లు. ఈ రెండింటికీ అదనంగా 60 రోజుల వరకు వెసులుబాటు ఉంది. భూసేకరణలో అయితే ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. రిట్ పిటిషన్‌కు ఇలా రోజుల లెక్క లేదు గానీ, ఎందుకు ఆలస్యమైందని హైకోర్టు తప్పక అడుగుతుంది.

డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు

పరిహారం అడగని అర్జీకి ట్రిబ్యునల్ ఫీజు 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అంటే ఇంట్లో అమ్మ పేరు మీద అర్జీ పెట్టవచ్చు. ఫోన్ నంబరు 15100.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఏముండాలి? పత్రికలో వచ్చిన నోటీసు కాపీ, అది వచ్చిన తేదీ. పొలం పాస్‌బుక్ లేదా ఇంటి కాగితం. బోరు నీటి పరీక్ష రిపోర్టు, వీలైతే చెరువు తవ్వకముందుది ఒకటి, తవ్వాక మరొకటి. తేదీతో ఉన్న ఫొటోలు. కలెక్టరేట్‌లో, మండల ఆఫీసులో ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు.

బోరు నీటి పరీక్ష ఈ రోజే చేయించి పెట్టుకోవచ్చు. నీళ్లు బాగున్నప్పుడు చేయించిన రిపోర్టే రేపు నీళ్లు పాడైనప్పుడు మాట్లాడుతుంది. ఇంట్లో నికాహ్‌నామా, రేషన్ కార్డు దాచే పెట్టెలోనే దానికీ చోటివ్వాలి.